ఎనిమిది చోట్ల కుంగిన గీత

"కదలకు. కూర్చున్నచోటే కూర్చో!" అన్నాడు డాక్టరు, చేతిలో ఈసీజీ కాగితం మీంచి తల ఎత్తకుండా.

సగం లేచిన బస్సు డ్రైవరు మళ్లీ కూలబడ్డాడు. ఆ కాగితం మీద ఫిట్ అని ఒక్క సంతకం పడితే గుండెలో తేడా ఉందని లాక్కున్న స్టీరింగు రేపట్నించి మళ్లీ చేతికొస్తుంది. పడకపోతే డిపోలో టైర్లకి గాలి కొట్టుకుంటూ బతకాలి.

"ఛాతీలో నొప్పొస్తోందా?"

"అబ్బే, లేదండీ."

"అబద్ధాలాడకు. ఇదిగో చూడు, ఈ గీత నేలకి సమంగా పోవాలి. ఎనిమిది చోట్ల కుంగిపోయింది. ఈ ఒక్క చోట పైకి లేచింది. అంటే ఏదో చిన్న నాళం కాదయ్యా, గుండెకి నెత్తురు తెచ్చే పెద్ద నాళమే పూడుకుపోతోందేమోనని నా భయం."

డ్రైవరు తలుపుకేసి చూశాడు. ఈసీజీ తీసే టెక్నీషియన్ అతనికి స్వయానా బావ, అక్క మొగుడు. "కాగితం సంగతి నాకొదిలెయ్ బామ్మర్దీ! లోపల నువ్వు నోరు మెదపకు, చాలు," అన్నాడు గంట కిందట. అంటూనే గోడకి చెయ్యానించి, కాసేపాగి, నవ్వాడు.

"ఆయాసం?" అన్నాడు డాక్టరు.

డ్రైవరు నోరు మెదిపాడు. "మెట్లెక్కితే... వస్తుందండీ. గ్యాసని సోడా తాగి..."

"గ్యాసూ లేదు, గాడిదగుడ్డూ లేదు! ఈ గుండె మోసుకుని తిరిగేవాడు ఇక మెట్టెక్కకూడదు, బరువెత్తకూడదు. ఇప్పుడే మంచమెక్కాలి."

"ఎక్కితే ఏమవుతుంది సార్? మెట్లు?"

"ఎక్కినవాడు పైకి చేరకపోవచ్చు."

తలుపవతల మెట్ల మీద చెప్పుల చప్పుడు. టక్, టక్. పొద్దున లిఫ్టు చెడిపోయింది. మూడో అంతస్తులో మంచం దిగలేని ముసలాయనకి ఈసీజీ తియ్యాలని బావ రెండో మిషను చంకనేసుకుని బయల్దేరాడు. డ్రైవరు తెలియకుండానే లెక్కపెడుతున్నాడు. తొమ్మిది. పది. అక్క మొహం కళ్ల ముందు కదిలింది. నోరు తెరిస్తే తన ఉద్యోగం, బావ ఉద్యోగం రెండూ గంగపాలు. తెరవకపోతే?

పదకొండు. పన్నెండు... పన్నెండు దగ్గర కాస్త ఎక్కువసేపే పట్టింది.

"ఏంటయ్యా ఆ తలుపుకేసి చూపులు? నేను చెప్పేది వింటున్నావా?"

పదమూడు వినపడలేదు. ఏదో బరువైనది మెట్టు మెట్టుకీ తగులుతూ కిందికి దొర్లింది.

"ముందా చొక్కా విప్పు. ఇంకోసారి ఈసీజీ తీద్దాం," అంటూ లేచాడు డాక్టరు.

కుర్చీ వెనక్కి పడేలా లేచి, గుమ్మంకేసి పరుగెత్తుతూ డ్రైవరు అరిచాడు: "పొద్దుట్నించీ నేను చొక్కా విప్పనే లేదు సార్! అది మా బావ గుండె!"