మూడో స్తంభం

"అన్నీ టేకు స్తంభాలండీ. వందేళ్లైనా చెక్కు చెదరలేదు!" ఊరి బయట పాత బంగళాను బాగుచేయించి అమ్మకానికి పెట్టిన యజమాని, కొనడానికి వచ్చినావిడ ముందు గొప్పలు పోతున్నాడు.

ఆవిడ, పాలిష్ పెట్టిన వడ్రంగి వైపు తిరిగింది. "నిజమేనా?"

ఆరు నెలలుగా ఈ ప్రశ్న కోసమే నోరు మూసుకుని కాచుకున్నాడు వడ్రంగి. సంచిలోంచి పాత కొయ్యసుత్తి తీసి స్తంభాలను వరసగా కొట్టాడు. రెండు గట్టిగా పలికాయి. మూడోది డొల్లగా మోగింది.

"లోపలంతా చెదలేనమ్మా."

ఆవిడ వెనుదిరిగి వెళ్లి కారెక్కింది.

యజమాని పళ్లు నూరాడు. "ఈ ముక్క నాకు ముందే చెప్పి చావొచ్చుగా!"

"మా నాన్న చెప్పాడండీ, ఇరవై ఏళ్ల కిందటే. పని పెంచుకోవడానికి అబద్ధాలాడుతున్నావంటూ మీరు వీధిలోకి విసిరేసిన సుత్తి ఇదే."