అమ్మ పోలిక

"చెప్పానా, ఆ ఓవెన్ ముందు ఉద్యోగం వద్దని? వింటేగా!" అంది అత్తగారు, డాక్టరమ్మ రిపోర్టులు కింద పెట్టకముందే.

కోడలు తలెత్తలేదు. బేకరీలో రొట్టెలు కాల్చే పిల్ల. ముప్పై అయినా నిండలేదు. ఏడాదిగా నెలసరి సరిగా లేదు. ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు. ఓవెన్ వేడే అనుకున్నారు అందరూ, పాపం తనతో సహా.

"ఓవెన్‌కీ దీనికీ సంబంధం లేదండీ," అంది డాక్టరమ్మ. "నెల తేడాతో రెండుసార్లు రక్తం చూశాం. రెండుసార్లూ అదే తేలింది. అండాశయాలు ముందుగానే పని తగ్గించేశాయి."

"ఎందుకని?" అంది కోడలు.

"ఆపరేషన్లూ, క్యాన్సర్ మందులూ నీకు లేవు. ఒంట్లోని రక్షణశక్తే ఎదురు తిరిగి ఉండొచ్చు. వంశంలో ఉండొచ్చు. చాలామందిలో కారణమే దొరకదు."

"కారణం లేకుండా ఎలా వస్తుందమ్మా?" అత్తగారు ఊరుకుంటేనా! "సన్నబడాలని మాత్రలు మింగింది. నా కళ్లతో చూశాను."

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా చేతులారా నేనే చేసుకున్నానేమో డాక్టర్."

అంతవరకు మూల కుర్చీలో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆ పిల్ల తల్లి గబుక్కున లేచింది. ముక్కూ కళ్లూ అచ్చం ఈమెవే అంటారు ఆ పిల్లని చూసినవాళ్లంతా. అన్నప్పుడల్లా మురిసిపోయేది ఈ తల్లి.

"దాని తప్పేం లేదు. నాకూ ఈ వయసుకే ఆగిపోయింది. నా పోలికే వచ్చింది."

"పెళ్లికి ముందు ఒక్క ముక్క చెప్పాలా వద్దా వదినా?" అత్తగారు ఇటు తిరిగింది.

"అయితే మీ రక్తం కూడా చూద్దాం," అంది డాక్టరమ్మ. "కారణం తేలిపోవచ్చు."

"వద్దండీ." తల్లి చెయ్యి వెనక్కి లాక్కుంది.

బయట మెట్ల దగ్గర కూతురు నిలదీసింది. "ముందే చెబితే ముందే పిల్లల్ని కనేదాన్ని కదే అమ్మా! పైగా ఒక్క చుక్క రక్తం ఇవ్వడానికి కూడా మనసు రాలేదా?"

"తిట్టవే. నన్నే తిట్టు. నిన్ను నువ్వు తిట్టుకోకు."

"నీకేం! ఆగిపోయేలోపే నేను పుట్టాను. నాకెవరున్నారు?"

తల్లి ఏదో చెప్పబోయింది. వెక్కిళ్లు పెడుతున్న కూతురి ముఖం చూసి మింగేసింది. సంచిలోంచి నీళ్ల సీసా తీసి, మూత విప్పి చేతికిచ్చింది.

ఆ పిల్లను ఆమె కనలేదు.