పుట్టగొడుగుల పాకలో పడక

వేసవి రాత్రి కరెంటు పోయిందంటే చాలు, దొరబాబు చాప చంకన పెట్టుకుని పెరట్లోని పుట్టగొడుగుల పాకలో దూరేవాడు. పుట్టగొడుగులు మొలిచే గడ్డి బెడ్లకు చీకటీ తడీ కావాలి గనక రోజూ నీళ్లు చల్లేవారు. కొవ్వూరు ఎండల్లో అంత చల్లటి చోటు ఇంకెక్కడా లేదు.

“ఆ బూజు గాలి పీలుస్తూ పడుకోకండి, మీకు దణ్ణం పెడతాను,” అని భార్య సూర్యకళ మొత్తుకునేది. అతను వింటేగా! నెల తిరక్కుండానే దగ్గు పట్టుకుంది.

ఆ రాత్రి దగ్గు వినిపించకపోయేసరికి ఆమెకు మెలకువ వచ్చింది. టార్చి తీసుకుని వెళ్లి పాక తలుపు తోసింది.

రోజూ రాత్రయ్యేసరికి బెడ్ల నిండా నల్లటి పెంకు పురుగులు ముసిరేవి. పుట్టగొడుగో బూజో తప్ప ఇంకేదీ ముట్టని జాతి. ఆమె వాటిని ఏరి సబ్బునీళ్లలో వేసేది. ఇవాళ బెడ్ల మీద ఒక్కటీ లేదు. తెల్లటి మొగ్గలు ఒక్క కాటూ లేకుండా నిగనిగలాడుతున్నాయి.

మూలనుంచి సన్నగా కరకరమని చప్పుడు వస్తోంది. టార్చి అటు తిప్పింది. పురుగులు బారులు కట్టి చాప మీదికి ఎక్కి, దుప్పటి కిందికి దూరుతున్నాయి. ఒక్కటీ తిరిగి రావడం లేదు.

“ఏవండీ?”

“ఆఁ... దగ్గు పోయింది సూర్యా. ప్రాణం హాయిగా ఉంది.” ఆ గొంతు మెత్తగా, తడితడిగా ఉంది.

ఆమె దుప్పటి అంచు పట్టుకుంది.

“తియ్యకు,” అన్నాడు దొరబాబు. “ఆ లైటు ఆపేసి, కాసిని నీళ్లు చల్లి వెళ్లు.”