వినడానికొచ్చిన చేపలు

మడ అడవిలో చలికాలం వచ్చిందంటే నారాయణపక్షికి ఎక్కడలేని నోరొస్తుంది. పొద్దున్నే ఉప్పుటేటి బురదలో ఒంటికాలి మీద నిలబడి, గాలి ఎటు, పోటు ఎప్పుడు, చేప ఎక్కడ అని ఉపన్యాసం మొదలుపెడతాడు. అది పూర్తయ్యేదాకా ఏ పిట్టా నీళ్లలో ముక్కు పెట్టకూడదు. అది అక్కడి మర్యాద. ఉపన్యాసం ముగిసేసరికి పోటు తగ్గి, చేప వెళ్ళిపోయి, మర్యాదొక్కటే మిగులుతుంది.

ఆవేళ లకుముకిపిట్ట పిల్లలు గట్టు బొరియలో ఆకలికి గొంతు చించుకుంటున్నాయి.

"బాబాయ్, కాస్త తొందరగా కానియ్యి," అంది తల్లి లకుముకి.

"చలికి చేపలన్నీ లోతుకి పోయాయమ్మాయ్, ఇక్కడొక్కటీ లేదు. ఎందుకు లేవో చెబుతున్నా, విను."

"ఎంత బాగా చెబుతున్నాడో, వినవే వదినా!" అంది నీటికాకి. దాని కడుపు ఎప్పుడో వీపుకి అంటుకుపోయింది.

లకుముకి విసుగుతో తల దించుకుంది. దించుకుంటే కనబడింది. ఇవాళ పక్షుల వేట ఎక్కడో తెలుసుకుందామని పరిగె చేపపిల్లలన్నీ నారాయణపక్షి కాలి చుట్టూ చేరి, లేని చెవులు రిక్కించి వింటున్నాయి. ఒక ముసలి పరిగె మెచ్చుకోలుగా తల కూడా ఊపుతోంది.

లకుముకి బుడుంగున మునిగి, తలూపేదాన్ని బొరియకి పట్టుకుపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ మునిగింది.

"ఓసి మర్యాద లేనిదానా! నా శ్రోతల్ని తింటావా?" అని నారాయణపక్షి రెక్కలు కొట్టుకున్నాడు.

"చేపలు లేవన్నావుగా బాబాయ్!"

మర్నాడు నారాయణపక్షి గొంతు సవరించుకుని, "ఇవాళా చేపలు లేవు. నిన్నటిదాకా వినడానికైనా వచ్చేవి," అన్నాడు.

పస్తున్న పక్షులన్నీ "అయ్యో" అన్నాయి. బొరియలో పిల్లలు తేన్చాయి.