సూది పడిన చెయ్యి

"ఆగండమ్మా! సూది వేయించుకున్నారా?" పెనుమూడి రేవులో పడవ ఎక్కబోతున్న దుర్గాంబకి పడవవాడి భార్య కోటిరత్నం అడ్డం నిలబడింది.

"ఇదుగో కాగితం. శానిటరీ ఇన్‌స్పెక్టరుగారే రాసిచ్చారు."

కలరా సూది వేయించుకోనివాళ్లు కృష్ణ దాటకూడదని వారం నుంచీ ఉత్తర్వు.

కోటిరత్నం కాగితం వంక చూడలేదు. దుర్గాంబ ఎడమ జబ్బ పట్టుకుని గట్టిగా నొక్కింది. దుర్గాంబ కోపంగా చూసిందే తప్ప అబ్బా అనలేదు.

"సూది పడితే రెండ్రోజులు చెయ్యి లేవదమ్మా. పడవలో చూడండి, అందరూ జబ్బలు పట్టుకుని కూర్చున్నారు. మీకు కాదు, ఈ కాగితానికి పొడిచినట్టున్నారు."

గట్టు మీద కుర్చీలో కూర్చున్న ఇన్‌స్పెక్టరు వెంకటకృష్ణయ్య లేచి వచ్చాడు.

"ఏంటే నీ పెత్తనం? కలరా గుడిసెల్లో పుడుతుంది. పెద్దిళ్లవాళ్లకి ఎందుకొస్తుంది? ఎక్కించు."

"రోజూ గుడిసెల్లో తిరిగే ఉద్యోగం మీదేగా సారూ!" అంటూ కోటిరత్నం చొక్కా మీదుగానే అతని జబ్బ నొక్కింది.

"ఛీ, వదులు!" అన్నాడతను. అబ్బా అనలేదు.

పడవ అంతా ఒక్కసారి నవ్వింది.

దుర్గాంబ నవ్వలేదు. అవతలి ఒడ్డున, కోడలి పుట్టింట్లో, తను ఎత్తుకోబోయేది పదకొండు రోజుల మనవణ్ణి. ఈ ఇన్‌స్పెక్టరు మాట నమ్మి సూది లేకుండానే బయలుదేరింది.

కాగితం అతని చేతిలో పెట్టి, వెళ్లి అతని కుర్చీలోనే కూర్చుని, రవిక చెయ్యి పైకి మడిచింది.

"కాంపౌండరుని పిలవండి. నాకయ్యాక మీకు. అదీ చూసే పడవ ఎక్కుతాను."