కటిల్ చేప ఎముక

"విరిగిన నా కాల్లో కటిల్ చేప ఎముక పెట్టారా? ఇన్నేళ్లూ కూర వండుకు తిన్నానని కక్ష కట్టిందన్నమాట!" అంది బోంసున్, కొరియాలోని జెజు దీవిలో సముద్రంలో మునిగి నత్తలేరే ముసలమ్మ.

"దాని చిల్లుల్లోకి మీ ఎముకే పెరుగుతుంది అవ్వా. తర్వాత అది మెల్లగా కరిగిపోతుంది," అన్నాడు డాక్టరు.

"పాపం, అంత చాకిరీ చేసి మాయమైపోతుందా!"

కోడలు సరాన్ నవ్వలేదు. అత్తయ్య ఇప్పట్లో మునగలేదు; నీళ్లలోకి మనిషి దిగని ఇంటికి ఊరి సముద్రంలో వాటా ఉండదు.

"ఈసారి నేను దిగుతా అత్తయ్యా."

"సియోల్ మహారాణీ! నువ్వు మునిగితే నత్తలు నవ్వి చస్తాయి."

"నవ్వనీండి. వాటా పోనివ్వను."

బోంసున్ డాక్టరు వైపు తిరిగింది.

"డాక్టర్ బాబూ, కట్టుతో ఒడ్డున రాళ్ల మీద కూర్చోవచ్చా?"

"ఎందుకవ్వా?"

"ఈ పిల్లకి ఊపిరి బిగబట్టడం వచ్చేదాకా ఆసరా కావాలిగా. ఆ తర్వాత నేనూ కరిగిపోతాలే."