గొట్టంలో బందిపోటు

"నీ చేపలకి ఇప్పుడే అగరొత్తులు కొనిపెట్టుకో లిన్. తొట్టి ముందు వెలిగించే రోజు ఎంతో దూరం లేదు," అన్నాడు ఫాంగ్, అద్దానికి ముక్కు ఆనించి.

అద్దం అవతల, ఉప్పునీటి తొట్టి మూలన, కొత్తగా వచ్చిన గొట్టపు ఎనిమోన్ అనే సముద్రజీవి ఊదారంగు మీసాలు విప్పుకుని ఊగుతోంది. చూడ్డానికి పువ్వు, చేసేది బందిపోటు పని. తన చుట్టూ తానే గొట్టం అల్లుకుని ఇసుకలో దిగబడి కూర్చుంటుంది. తెలియక తగిలిన చేపను కుట్టి, మీసాలతో చుట్టి, మింగి కూర్చుంటుంది.

లిన్ బావోషెంగ్ నవ్వాడు. ఉప్పునీటి చేపల గురించి తనకు తెలిసినంత సముద్రానికి కూడా తెలియదని అతని నమ్మకం.

"మింగడం తెలివితక్కువ వాళ్ల తొట్టిలో. నేను లోతైన కుండీలో మెత్తటి ఇసుక నింపి, దాన్ని మూలన పాతిపెట్టా. అడుగున పాకే చేప ఒక్కటీ లేదు, దాన్ని కొరికే చేపా లేదు. అన్నీ పైపైన చురుగ్గా తిరిగేవే. పైగా పట్టకారుతో రొయ్యముక్క దాని నోటికే అందిస్తున్నా. కడుపు నిండినవాడు దొంగతనానికి ఎందుకు వెళ్తాడోయ్?"

"కడుపు నిండినవాళ్లే వెళ్తారు. మన ఊరి పెద్దల్ని చూళ్లేదూ? పందెం కాస్తా. పడవల పండుగ లోపల ఈ తొట్టిలోది ఏదో ఒకటి ఎవరో ఒకరి కడుపులోకి పోయి తీరుతుంది."

"పోకపోతే?"

"టీకొట్టులో అందరి ముందూ నిన్ను గురువుగారూ అంటా. చచ్చేదాకా. పోతే నువ్వు నన్ను అనాలి."

ఫాంగ్‌ను గురువుగారూ అనడం కంటే ఆ తొట్టినీళ్లు తాగడం మేలనుకున్నాడు లిన్. అయినా చేయి కలిపాడు.

గుమ్మం దగ్గర కూర్చుని, పండుగ అన్నం పొట్లాలకు వెదురాకులు తుడుస్తున్న లిన్ అత్తగారు ఇదంతా వింది. బురదతీరపు పల్లె నుంచి వచ్చిన మనిషి. వచ్చిన రోజే చేపలను ఎగాదిగా చూసి, "రంగే గానీ కండ లేదు. పంటి కిందికి కూడా రావు," అని తేల్చేసింది. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చింది లిన్‌కు. ఎనిమోన్‌ను మూలన పాతిపెట్టాడు సరే, అత్తగారిని ఎక్కడ పాతిపెడతాడు?

ఫాంగ్ గడప దాటాక లిన్ ఆవిడ దగ్గరికి వెళ్లాడు. "అత్తయ్యా, ఆ చేపల జోలికి మాత్రం వెళ్లకండి. నా పరువంతా వాటి మీదే ఉంది."

"నేనెందుకు వెళ్తాను నాయనా? వాటికేమన్నా అయితే ఆ కోతిమొహంగాడి ముందు అల్లుడు తలొంచాలి. ఆ మాత్రం తెలీదా నాకు?"

లిన్ మనసు కుదుటపడింది. రోజూ రొయ్యలు పెట్టాడు. ఎనిమోన్ మీసాలు చీపురుకట్ట అంతయ్యాయి. దాని మూలకు వచ్చేసరికి చేపలు కూడా ఊపిరి బిగబట్టి, ఒళ్లు దగ్గర పెట్టుకుని పోతున్నాయని టీకొట్టులో చెప్పుకున్నాడు. చేపలు ఊపిరి బిగబట్టడమేమిటని అడిగిన మొనగాడు లేడు.

పండుగనాడు మిట్టమధ్యాహ్నం ఫాంగ్ వచ్చాడు. స్టూలెక్కి చూశాడు, బోర్లా పడుకుని చూశాడు, రాళ్ల వెనక టార్చిలైటు వేశాడు. చేపలన్నీ నిక్షేపంలా ఉన్నాయి.

"మరి బందిపోటేడీ?"

"గొట్టం కనబడటం లేదూ? ఈ వేళప్పుడు లోపలికి దూరి పడుకుంటుంది. పట్టపగలు నీలాంటి మొహాలు చూడ్డం దానికి పడదు."

ఫాంగ్ గాలి తీసిన బుడగలా కుర్చీలో కూలబడ్డాడు. అత్తగారు ఇద్దరి ముందూ పొగలు కక్కుతున్న చిలగడదుంప సేమియా గిన్నెలు పెట్టింది.

"తిను నాయనా. ఓడినవాడికీ ఆకలేస్తుంది."

ఫాంగ్ ఒక్క పీల్పు పీల్చి కళ్లు మూసుకున్నాడు. "పిన్నీ, మన బురదలో తవ్వి తీసే ఇసుకవెల్లుల్లి వేశావు కదూ? ఆ మెత్తటి పురుగు పడితే గానీ పులుసుకి ఈ జారుడు రాదు. బజారంతా గాలించినా నాకు దొరకలేదే."

"అదీ అలాంటిదేలే. తిను."

ఇద్దరూ గిన్నెలు నాకినంత పనిచేశారు. ఫాంగ్ మూతి తుడుచుకుని లేచి, లిన్ ముందు రెండు చేతులూ పిడికిలి కలిపి వంగాడు.

"ఒప్పుకున్నాను గురువుగారూ. ఈ తొట్టిలోది ఏదీ ఎవరి కడుపులోకీ పోలేదు." అని బ్రేవుమన్నాడు.

లిన్ మీసం మీద చెయ్యి వేశాడు.

"ఎలా పోతాయి?" అంది అత్తగారు గిన్నెలు తీస్తూ. "ఆఖరి రోజున కొంప ముంచుతుందేమోనని పొద్దున్నే ఆ బందిపోటును గొట్టంలోంచి లాగి సేమియాలో వేసేశాను, రొయ్యలు మేపావు కదూ అల్లుడూ, భలే బలిసింది."